ఒక డిఫెండర్, ఎనిమిది క్లబ్బులు: ఫ్రాన్స్ కింది డివిజన్లలో కెరీర్ ఎలా నడుస్తుంది?

క్లుప్తంగా: ఫ్రాన్స్ రెండు, మూడు డివిజన్లలో ఆడే డిఫెండర్లు ఏడాదికో రెండేళ్లకో క్లబ్ మారుతూ కనిపిస్తారు. ఇది ఆటగాడి నిలకడలేమి అనుకోవడం చాలాసార్లు పొరపాటు. చిన్న కాంట్రాక్టులు, క్లబ్బులు ఏటా పైకీ కిందికీ మారే పద్ధతి, క్లబ్బుల ఖాతాలపై కఠినమైన తనిఖీ కలిసి అతన్ని కదిలిస్తాయి. టీవీ డబ్బు తగ్గడం, ప్రొఫెషనల్ క్లబ్బుల సంఖ్య 40 నుంచి 36కు పడిపోవడం ఈ కదలికను మరింత పెంచే అవకాశం ఉంది.

ఫ్రెంచ్ ఫుట్‌బాల్‌లో పెద్దగా పేరు వినిపించని డిఫెండర్ వివరాలు ఎక్కడ వెతికినా ఒకే తరహా పట్టిక ఎదురవుతుంది. ఒక పక్క సంవత్సరాలు, మధ్యలో క్లబ్ పేరు, ఇంకో పక్క ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్. మ్యాచ్‌లు వందల్లో ఉంటాయి. గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. క్లబ్బులు మాత్రం ఆరో, ఏడో, ఎనిమిదో ఉంటాయి. ఒకచోట మూడేళ్లు, తర్వాత ఏడాది, ఆ తర్వాత ఆరు నెలలు లోన్ మీద, అంటే సొంత క్లబ్ తాత్కాలికంగా పంపితే, ఇంకో ఊళ్లో.

క్రికెట్‌కు అలవాటుపడిన పాఠకుడికి ఇది వింతగా తోస్తుంది. రంజీ ఆటగాడు సాధారణంగా చాలా ఏళ్లు ఒకే రాష్ట్ర జట్టుకు ఆడతాడు. మారితే దానికో కథ ఉంటుంది. ఫ్రాన్స్ రెండో డివిజన్ డిఫెండర్ విషయంలో మారడమే మామూలు, ఒకేచోట పదేళ్లు ఉండిపోవడమే కథ. ఈ పట్టికను ఆట ప్రతిభకు కొలతగా కాకుండా ఒక ఉద్యోగి సర్వీసు రికార్డులా చదివితే చాలా గీతలకు అర్థం తెలుస్తుంది. ఏ ఏడాది కాంట్రాక్ట్ ముగిసింది, ఏ ఏడాది క్లబ్ కింది డివిజన్‌కు పడిపోయింది, ఏ ఏడాది క్లబ్ దగ్గర డబ్బు లేకపోయింది అన్నవి అందులోనే ఉంటాయి.

## మెట్లు, వాటి మధ్య గీత

ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ 1932లో మొదలైంది. ఇప్పుడు పై రెండు మెట్ల పేర్లు లీగ్ 1, లీగ్ 2. ఒక్కోదానిలో 18 క్లబ్బులు ఉంటాయి. ఈ రెంటినీ ఎల్‌ఎఫ్‌పీ అనే ప్రొఫెషనల్ లీగ్ సంస్థ నడుపుతుంది. వాటి కింద 1993లో పుట్టిన ‘నేషనల్’ అనే మూడో డివిజన్ ఉంది. దాని కింద నేషనల్ 2, నేషనల్ 3. ఈ రెంటినీ 2017కు ముందు సీఎఫ్‌ఏ, సీఎఫ్‌ఏ 2 అనేవారు, అందుకే పాత రికార్డుల్లో ఆ పేర్లు కనిపిస్తాయి. మూడో మెట్టును, ఆ కిందివాటిని చూసేది ఫ్రెంచ్ ఫుట్‌బాల్ సమాఖ్య.

రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఉన్న గీత డిఫెండర్ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైంది. గీతకు పైన ప్రొఫెషనల్ కాంట్రాక్ట్, దాన్ని నమోదు చేసే లీగ్, ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఉమ్మడి ఒప్పందం రక్షణ ఉంటాయి. గీతకు కింద ఎక్కువగా ‘ఫెడరల్ కాంట్రాక్ట్’ ఉంటుంది. అది కూడా చట్టబద్ధమైన ఉద్యోగమే, నెల జీతం వస్తుంది. కానీ జీతం స్థాయి, వైద్య సిబ్బంది, ప్రయాణ వసతులు, శిక్షణ మైదానం అన్నీ ఒక మెట్టు తగ్గుతాయి. లీగ్ 2 నుంచి పడిపోయిన క్లబ్ కొంతకాలం ప్రొఫెషనల్ హోదాను నిలుపుకోవచ్చు. అందుకే నేషనల్‌లో ఒకే మ్యాచ్‌లో పూర్తి ప్రొఫెషనల్ జట్టు, చిన్న ఊరి సెమీ ప్రొఫెషనల్ జట్టు ఎదురెదురుగా ఆడుతుంటాయి.

ఈ గీత దాటడం ఏటా జరుగుతుంది. నేషనల్‌లో మొదటి రెండు జట్లు లీగ్ 2కు వెళ్తాయి, లీగ్ 2లో చివరి రెండు కిందికి వస్తాయి. లీగ్ 2లో 16వ స్థానంలో నిలిచిన జట్టు నేషనల్ మూడో స్థానపు జట్టుతో ప్లేఆఫ్ ఆడి చోటు కాపాడుకోవాలి. ఐపీఎల్‌లో చివరి స్థానంలో నిలిచిన జట్టు మరుసటి ఏడాది కూడా అదే లీగ్‌లో, దాదాపు అదే ఆదాయంతో ఆడుతుంది. ఫ్రాన్స్‌లో అలా కుదరదు. మే నెలలో ఒక్క మ్యాచ్ ఓడితే జూలై నాటికి క్లబ్ బడ్జెట్ మారిపోతుంది, దానితోపాటే ఆటగాళ్ల కాంట్రాక్టుల లెక్క కూడా.

దీనికి అతి తీవ్రమైన ఉదాహరణ లెజెర్బియే. పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఈ చిన్న పట్టణ జట్టు నేషనల్‌లో ఆడుతూనే 2018 మే 8న ఫ్రెంచ్ కప్ ఫైనల్ దాకా వచ్చి, ప్యారిస్ సాంజెర్మాఁ చేతిలో 0–2తో ఓడింది. దేశమంతా టీవీలో చూసిన జట్టు అది. అదే వారం నేషనల్‌లో చివరి మ్యాచ్ ఓడి నాలుగో డివిజన్‌కు పడిపోయింది. నాలుగు రోజుల్లో ఆ జట్టు డిఫెండర్ల మార్కెట్ విలువ రెండు వేర్వేరు దిక్కులకు లాగబడింది. ఫైనల్ ఆడారన్న పేరు ఒక వైపు, వచ్చే ఏడాది జీతం ఏ క్లబ్ ఇస్తుందన్న టెన్షన్ ఇంకో వైపు.

## జూన్ 30

ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ సీజన్ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కాంట్రాక్టులూ అదే తేదీతో ముగుస్తాయి. కింది డివిజన్ల కెరీర్‌లో మలుపులన్నీ ఈ తేదీ చుట్టూనే తిరుగుతాయి.

ఒకప్పుడు పరిస్థితి దీనికి పూర్తి తలకిందులు. 1960ల చివరి దాకా ఫ్రెంచ్ ఆటగాడు ఒకసారి సంతకం చేస్తే 35 ఏళ్లు వచ్చేదాకా ఆ క్లబ్‌కు కట్టుబడి ఉండాల్సిందే. క్లబ్ వదిలితేనే కదలాలి, అమ్మితేనే మారాలి. 1958 ప్రపంచకప్‌లో 13 గోల్స్ కొట్టిన జస్ట్ ఫోంటేన్, ఆటగాడిగా ఉంటూ న్యాయశాస్త్రం చదివిన యూజెన్ ఎన్‌జో లేయా 1961లో ఆటగాళ్ల సంఘం యూఎన్‌ఎఫ్‌పీ స్థాపనలో ముందున్నారు. 1963లో రేమోఁ కోపా తమ పరిస్థితిని బానిసత్వంతో పోల్చి పత్రికలో మాట్లాడినప్పుడు పెద్ద దుమారం రేగింది. 1969లో గడువు ఉన్న కాంట్రాక్ట్ వచ్చింది. దానిపై క్లబ్బుల అధ్యక్షులు వెనక్కి తగ్గబోతే ఆటగాళ్లు సమ్మెకు దిగారు. 1973లో కుదిరిన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ చార్టర్‌తో ఆ హక్కు స్థిరపడింది.

మరో మలుపు ఫ్రాన్స్ రెండో డివిజన్‌తోనే ముడిపడి ఉంది. 1990లో బెల్జియం ఆటగాడు జాఁమార్క్ బోస్మన్ తన కాంట్రాక్ట్ ముగిశాక లీజ్ క్లబ్ నుంచి ఫ్రాన్స్ రెండో డివిజన్‌లోని డంకర్క్‌కు వెళ్లాలనుకున్నాడు. డంకర్క్ బదిలీ ఫీజు కట్టగలదో లేదోనని లీజ్ అనుమానించి బదిలీ ఆపేసింది. ఆ కేసులో 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశపు క్లబ్‌కు బదిలీ ఫీజు లేకుండా వెళ్లవచ్చని తేల్చింది. యూరప్ ఫుట్‌బాల్ మొత్తాన్ని మార్చిన ఈ తీర్పు వెనక ఉన్నది ఒక రెండో డివిజన్ క్లబ్ చెల్లింపు శక్తిపై వచ్చిన సందేహం. ఈ విషయం ఎక్కువమందికి గుర్తుండదు.

ఫ్రాన్స్‌లో 2015 నవంబర్ 27 చట్టం క్రీడాకారుల కోసం ప్రత్యేకమైన గడువు కాంట్రాక్టును ఏర్పాటు చేసింది. కొన్ని మినహాయింపులు తప్ప కనీసం ఒక సీజన్, గరిష్ఠంగా ఐదేళ్లు. పెద్ద క్లబ్బులో ప్రతిభ చూపిన కుర్రాడికి ఐదేళ్లు ఇస్తారు, ఎందుకంటే మధ్యలో అమ్మితే ఫీజు వస్తుంది. 28 ఏళ్ల లీగ్ 2 డిఫెండర్‌ను అమ్మితే వచ్చేది తక్కువ. అందుకని అతనికి ఏడాదో రెండేళ్లో ఇస్తారు. పైగా ‘ఇన్ని మ్యాచ్‌లు ఆడితే ఇంకో ఏడాది’, ‘జట్టు డివిజన్ నిలబెట్టుకుంటే ఇంకో ఏడాది’ అనే షరతులు ఉంటాయి. పట్టికలో ‘2 సంవత్సరాలు’ అని కనిపించే చాలా గీతల వెనక ఇలాంటి షరతు ఒకటి నెరవేరింది, లేదా నెరవేరలేదు.

కాంట్రాక్ట్ చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్‌తో ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. కానీ లీగ్ 2లో చాలా క్లబ్బులకు మే నెల దాకా తాము వచ్చే ఏడాది ఏ డివిజన్‌లో ఉంటాయో తెలియదు. కాబట్టి జనవరిలో సంతకం చేసే భాగ్యం తక్కువమందిదే. మిగతావారు జూలైలో, ఆగస్టులో కూడా ఫోన్ కోసం ఎదురుచూస్తారు. వారి కోసమే యూఎన్‌ఎఫ్‌పీ ప్రతి వేసవిలో కాంట్రాక్ట్ లేని ఆటగాళ్లకు శిబిరం పెట్టి, క్లబ్బులతో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడిస్తుంది. ఫ్రెంచ్ చట్టం దృష్టిలో ఆటగాడు ఉద్యోగి. అందువల్ల అతనికి నిరుద్యోగ భృతి హక్కు ఉంటుంది. దీన్ని చిన్న విషయంగా తీసేయకూడదు. ఆగస్టు నెలాఖరులో అతి తక్కువ జీతానికి ఒప్పుకోకుండా రెండు వారాలు ఆగగలిగే శక్తి అక్కడినుంచే వస్తుంది.

## శిక్షణ కేంద్రం గడప

ఫ్రాన్స్ తన యువ శిక్షణకు ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 1988లో ప్రారంభమైన క్లేర్‌ఫోంటేన్ జాతీయ కేంద్రం అందరికీ తెలిసిన పేరు. దానికి సమాంతరంగా ప్రొఫెషనల్ క్లబ్బులకు సొంత శిక్షణ కేంద్రాలున్నాయి. పదిహేనేళ్లు దాటిన కుర్రాళ్లు అక్కడ హాస్టల్‌లో ఉండి చదువుకుంటూ ఆడతారు, ‘ఆస్పిరాఁ’, ‘స్తాజియేర్’ వంటి శిక్షణ కాంట్రాక్టులు పొందుతారు. చివర్లో క్లబ్ మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇస్తుంది, లేదా చేతులు దులుపుకుంటుంది. కింది డివిజన్ల డిఫెండర్లలో చాలామంది ఈ రెండో గుంపు నుంచి వచ్చినవారే.

మొదటి కాంట్రాక్ట్ ఎవరితో చేసుకోవాలన్నదానిపై జరిగిన న్యాయపోరాటంలో ముఖ్యపాత్ర కూడా ఒక డిఫెండర్‌దే. లెఫ్ట్‌బ్యాక్ (ఎడమ పక్క ఆడే డిఫెండర్) ఒలివియే బెర్నార్ 1997లో లియోఁ క్లబ్‌లో మూడేళ్ల శిక్షణ కాంట్రాక్ట్‌పై చేరాడు. 2000లో లియోఁ అతనికి ఏడాది ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇస్తామంది. అతను ఒప్పుకోకుండా ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కు వెళ్లాడు. అప్పటి ఫ్రెంచ్ నిబంధన ప్రకారం శిక్షణ ఇచ్చిన క్లబ్ కాంట్రాక్ట్ ఇస్తే తీసుకోవాల్సిందే. లియోఁ కోర్టుకెక్కి, అతను తమ దగ్గర పనిచేసి ఉంటే ఇవ్వాల్సిన ఏడాది జీతానికి సమానంగా 53 వేల యూరోలకు పైగా అడిగింది. 2010 మార్చి 16న యూరోపియన్ న్యాయస్థానం మధ్యేమార్గం చూపింది. శిక్షణకు అయిన నిజమైన ఖర్చు ఆధారంగా క్లబ్‌కు పరిహారం ఇప్పించే పద్ధతి తప్పు కాదు. ఆ ఖర్చుతో సంబంధం లేకుండా నష్టపరిహారం వేసే పద్ధతి మాత్రం స్వేచ్ఛగా పనిచేసే హక్కుకు అడ్డు.

చిన్న క్లబ్బులకు ఈ తేడా ముఖ్యం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కాంట్రాక్ట్ మధ్యలో దేశం దాటి జరిగే బదిలీ ఫీజులో 5 శాతం, ఆటగాడు 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆడిన క్లబ్బులకు పంచాలి. కానీ కాంట్రాక్ట్ ముగిసి ఉచితంగా వెళ్లిపోతే ఆ 5 శాతం సున్నా. డిఫెండర్లు ఎక్కువగా ఉచితంగానే మారతారు కాబట్టి వారిని తీర్చిదిద్దిన క్లబ్‌కు తిరిగొచ్చేది తక్కువ.

## డిఫెండర్ విలువ ఆలస్యంగా ఎందుకు తేలుతుంది?

ఫార్వర్డ్ ఆటగాడి విలువను ఒక్క అంకె చెబుతుంది. లీగ్ 2లో 20 గోల్స్ కొడితే వచ్చే జూలైలో ఎవరో ఒకరు కొంటారు. డిఫెండర్ పనికి అలాంటి అంకె లేదు. అతను బాగా ఆడిన రోజు ఏమీ జరగదు. బంతి రాకముందే చోటు మూసేశాడు, పక్కవాడిని రెండడుగులు ముందుకు పిలిచాడు, దాంతో ప్రత్యర్థి వెనక్కి పాస్ ఇచ్చాడు. ఇదంతా హైలైట్స్ వీడియోలో పడదు. ఒక్క పొరపాటు మాత్రం వారం రోజులు తిరుగుతుంది.

అందుకే కొనే క్లబ్బులు డిఫెండర్‌ను అతను ఆడిన మ్యాచ్‌ల సంఖ్యతో, వాటి స్థాయితో కొలుస్తాయి. రెండొందల మ్యాచ్‌లు ఆడిన సెంటర్‌బ్యాక్ (రక్షణ మధ్యలో ఆడే డిఫెండర్) అంటే రెండొందల సార్లు కోచ్ అతన్ని నమ్మాడని అర్థం. ఈ లెక్క పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఫలితంగా డిఫెండర్ కెరీర్ ఎదుగుదల రేఖ కుడివైపుకు జరిగి ఉంటుంది. పెద్ద క్లబ్‌లో బెంచి మీద కూర్చోవడం కంటే కింది డివిజన్‌లో ప్రతివారం ఆడటమే అతనికి మేలు. పైకి చూసేవారికి ‘దిగాడు’ అనిపించే అడుగు చాలాసార్లు ఇదే.

లోరాఁ కోసియెల్నీ ఉదాహరణ దీన్ని బాగా చూపిస్తుంది. బ్రిటనీ ప్రాంతంలోని గింగాంప్ క్లబ్ తరఫున లీగ్ 2లో అతన్ని ఎక్కువగా రైట్‌బ్యాక్‌గా ఆడించారు. 2007లో అతను ఒక డివిజన్ కిందికి, నేషనల్‌లోని తూర్ క్లబ్‌కు వెళ్లాడు. అక్కడ అతను కోరుకున్న సెంటర్‌బ్యాక్ స్థానం దొరికింది. 2008లో తూర్ లీగ్ 2కు ఎక్కింది. 2009లో అతన్ని లీగ్ 1లోని లోరియాఁ తీసుకుంది, మరుసటి ఏడాదే ఆర్సెనల్. నేషనల్‌లో ఆడిన మూడేళ్లకు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు చేరాడు. 2011 నవంబర్‌లో జాతీయ జట్టు తరఫున మొదటి మ్యాచ్, 2016 యూరో కప్ ఫైనల్‌లో మొదటి పదకొండు మందిలో చోటు, మొత్తం 51 అంతర్జాతీయ మ్యాచ్‌లు. 2007లో అతను గింగాంప్‌లోనే రైట్‌బ్యాక్‌గా ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, ఎక్కడానికి ముందు దిగాల్సి వచ్చిందన్నది రికార్డులో ఉంది.

అదిల్ రామీ దారి ఇంకా కిందినుంచి మొదలైంది. దక్షిణ తీరంలోని ఫ్రెజూస్‌లో అతను మున్సిపాలిటీ ఉద్యోగం చేస్తూ అమెచ్యూర్ జట్టుకు ఆడేవాడు. మొదట మిడ్‌ఫీల్డర్, తర్వాత వెనక్కి జరిపారు. 2006లో లీల్ తీసుకుంది. 2011లో లీల్ లీగ్‌నూ కప్‌నూ రెంటినీ గెలిచినప్పుడు అతను జట్టు రక్షణకు మూలస్తంభం. ఆ తర్వాత స్పెయిన్‌లోని వాలెన్సియాకు వెళ్లాడు. 2018లో ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో సభ్యుడు, ఒక్క నిమిషం మైదానంలోకి దిగకపోయినా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కోసియెల్నీ, రామీ మనకు తెలిసింది వారు పైకొచ్చారు కాబట్టే. వారితో పాటు అదే మైదానాల్లో, అదే స్థానంలో ఆడి లీగ్ 2 దాటని డిఫెండర్లు చాలామంది. వారిది వైఫల్యం అనడానికి లేదు. పదిహేనేళ్లు వృత్తిగా ఆడి, ఆ సంపాదనతో కుటుంబాన్ని నడిపిన కెరీర్ అది.

## ఒక పూర్తి దారి: జొనాథన్ క్లోస్

రైట్‌బ్యాక్ జొనాథన్ క్లోస్ పట్టికను వరుసగా చదివితే పైన చెప్పిన యంత్రాంగం మొత్తం కనిపిస్తుంది.

1992లో స్ట్రాస్‌బూర్‌లో పుట్టిన అతన్ని సొంతూరి పెద్ద క్లబ్ శిక్షణ కేంద్రం పద్దెనిమిదేళ్ల వయసు దగ్గర వదిలేసింది. అదే ఊళ్లోని వోబాఁ అనే అమెచ్యూర్ క్లబ్‌లో ఆడాడు. 2013లో రైన్ నది దాటి జర్మనీ ఆరో డివిజన్‌లోని లింక్స్‌కు వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఫ్రాన్స్ నాలుగో డివిజన్‌లోని రాఁ లెటాప్. 2016లో నేషనల్‌లోని అవ్రాంష్, 2017లో లీగ్ 2కు కొత్తగా ఎక్కిన కెవిల్లీ–రువాఁ. నాలుగేళ్లలో జర్మనీ ఆరో డివిజన్ నుంచి ఫ్రాన్స్ రెండో డివిజన్ దాకా, ఒక్కో మెట్టు మీద ఎక్కువకాలం ఆగకుండా.

2018లో కెవిల్లీ–రువాఁ తిరిగి నేషనల్‌కు పడిపోయింది. క్లబ్ పడిపోతే ఆటగాడి ముందు ఉండే దారులు మూడు. క్లబ్‌తో పాటు దిగి తగ్గిన జీతానికి ఆడటం, అదే డివిజన్‌లో ఇంకో క్లబ్ వెతుక్కోవడం, దేశం మారడం. క్లోస్ మూడోది ఎంచుకుని జర్మనీ రెండో డివిజన్‌లోని ఆర్మీనియా బీలెఫెల్డ్‌కు వెళ్లాడు. 2020లో ఆ జట్టు ఆ డివిజన్ గెలిచి పైకెక్కింది. అదే వేసవిలో అతని కాంట్రాక్ట్ ముగిసింది. అప్పుడే లీగ్ 1కు ఎక్కిన లాన్స్ అతన్ని ఫీజు లేకుండా తీసుకుంది. రెండేళ్ల తర్వాత అదే ఆటగాడికి మార్సెయ్ క్లబ్ లాన్స్‌కు ఫీజు కట్టింది. 2022 మార్చిలో, 29 ఏళ్ల వయసులో జాతీయ జట్టు నుంచి మొదటిసారి పిలుపు వచ్చింది. 2024 యూరో కప్ జట్టులోనూ చోటు దక్కింది, ఆ వేసవిలో నీస్ క్లబ్‌కు మారాడు.

ఈ దారిలో అతని ఆట ఒక్కసారిగా మారిపోయిన క్షణం అంటూ లేదు. మారింది అతన్ని ఎవరు చూస్తున్నారన్నది. జర్మనీ రెండో డివిజన్‌లో ఫుల్‌బ్యాక్‌లు (పక్కల్లో ఆడే డిఫెండర్లు) బాగా ముందుకు వెళ్లి ఆడతారు, స్టేడియాలు నిండుతాయి, ఆటగాళ్లను వెతికే స్కౌట్లు చాలా దేశాల నుంచి వస్తారు. అదే ఆట నేషనల్‌లో ఆడితే చూసేవారు తక్కువ. అతను పైకొచ్చిన తీరును పట్టుదల కథగా చెప్పడం మామూలే, అందులో నిజమూ ఉంది. కానీ 2020 జూన్‌లో కాంట్రాక్ట్ ముగియకపోతే లాన్స్ అతని కోసం డబ్బు పెట్టేదా అన్నది వేరే ప్రశ్న.

## క్లబ్బే కూలిపోతే

ఫ్రెంచ్ క్లబ్బుల ఖాతాలను డీఎన్‌సీజీ అనే సంస్థ ప్రతి సీజన్ తనిఖీ చేస్తుంది. బడ్జెట్‌కు తగ్గ డబ్బు చూపలేకపోతే జీతాల మొత్తంపై పరిమితి పెడుతుంది, కొత్త ఆటగాళ్లను చేర్చుకోవడం ఆపుతుంది. చివరి అస్త్రంగా కింది డివిజన్‌కు పంపుతుంది. ఈ నిర్ణయాలు ఎక్కువగా జూన్, జూలైల్లో వస్తాయి, అంటే ఆటగాడు వేరే చోటు వెతుక్కోవడానికి సమయం తక్కువగా ఉన్నప్పుడు.

జాబితా పెద్దదే. స్ట్రాస్‌బూర్ 2011లో దివాలా తీసి ఐదో డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టి 2017 నాటికి లీగ్ 1కు తిరిగొచ్చింది. బాస్తియా 2017లో లీగ్ 1 నుంచి ఏకంగా ఐదో డివిజన్‌కు పడిపోయింది. సోషో 2023లో మైదానంలో చోటు నిలుపుకుని కూడా డబ్బు లేక నేషనల్‌కు వెళ్లింది. 2024 జూలైలో, ఆరుసార్లు ఫ్రాన్స్ ఛాంపియన్ అయిన బోర్డో ప్రొఫెషనల్ హోదానే వదులుకుని, పేరున్న శిక్షణ కేంద్రాన్ని మూసేసి నాలుగో డివిజన్‌కు చేరింది. ఆటగాళ్ల కాంట్రాక్టులు రద్దయ్యాయి. కొన్నేళ్లు గడువున్న కాంట్రాక్ట్ చేతిలో ఉన్న డిఫెండర్ కూడా వారాల వ్యవధిలో ఉచిత ఆటగాడైపోయాడు.

తనిఖీని తప్పుపట్టడం తేలిక. నిజానికి అది లేకపోతే జీతాలు నెలల తరబడి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఫ్రాన్స్‌లో ఆ సమస్య చాలా దేశాల కంటే తక్కువ. అసలు లోపం ఆదాయం ఒకే మూలం మీద ఆధారపడటంలో ఉంది. ఆ మూలం టీవీ హక్కులు.

2018లో మీడియాప్రో సంస్థ 2020 నుంచి నాలుగేళ్ల హక్కులకు ఏడాదికి 80 కోట్ల యూరోల స్థాయిలో ఇస్తామని గెలిచింది. కోవిడ్ కారణంగా 2019–20 సీజన్‌ను ఫ్రాన్స్ మధ్యలోనే ముగించింది. ఆ దెబ్బ నుంచి క్లబ్బులు కోలుకోకముందే, 2020 శరదృతువులో మీడియాప్రో చెల్లింపులు ఆపేసింది. డిసెంబర్‌లో ఒప్పందం రద్దయింది. 2024లో డాజోన్ అనే ప్రసార సంస్థ ఏడాదికి దాదాపు 40 కోట్ల యూరోలతో వచ్చి, ఒక్క సీజన్‌తోనే తప్పుకుంది. 2025లో లీగ్ సొంత ఛానల్ మొదలుపెట్టింది. లీగ్ 1 క్లబ్ దగ్గర డబ్బు తగ్గితే అది లీగ్ 2 నుంచి కొనేది తగ్గుతుంది, లీగ్ 2 నేషనల్ నుంచి కొనేది తగ్గుతుంది. పైమెట్టు మీద ఆగిన నీరు కిందిమెట్లకు చేరదు.

## దేశం దాటే దారి

ఫ్రాన్స్‌లో చోటు దొరకని డిఫెండర్‌కు మొదటి గమ్యం బెల్జియం, లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్ వంటి పొరుగు దేశాలు. ఆ తర్వాత గ్రీస్, సైప్రస్, తూర్పు యూరప్. అక్కడి క్లబ్బులకు యూరోపియన్ పోటీల క్వాలిఫయర్లు ఆడే అవకాశం ఉంటుంది, లీగ్ 2లో అది లేదు.

ఈ దారి భారతదేశం దాకా వచ్చింది. సెంటర్‌బ్యాక్ ఫ్లోరెంటిన్ పోగ్బా లీగ్ 2లో సెడాన్‌తో మొదలుపెట్టి, లీగ్ 1లో సెంటెటియెన్‌కు ఆడి, టర్కీ, అమెరికా తిరిగి మళ్లీ లీగ్ 2లోని సోషోకు వచ్చాడు. 2022లో అక్కడినుంచి కోల్‌కతాలోని ఏటీకే మోహన్ బగాన్‌లో చేరాడు. ప్రసిద్ధ ఆటగాడు పాల్ పోగ్బాకు అన్న అంటూ, ఆ తమ్ముడి పేరుతోనే అతన్ని ఇక్కడ పరిచయం చేశారు. పేరును పక్కనపెట్టి చూస్తే, ముప్పై దాటిన లీగ్ 2 సెంటర్‌బ్యాక్ యూరప్ బయట కాంట్రాక్ట్ వెతుక్కోవడం బాగా అరిగిన బాటే.

## ముప్పై దాటాక

సెంటర్‌బ్యాక్‌కు వయసు ఫుల్‌బ్యాక్ కంటే నెమ్మదిగా శత్రువవుతుంది. వేగం తగ్గినా చోటు చూసుకునే అలవాటు నిలుస్తుంది. చాలామంది 33, 34 దాకా లీగ్ 2లో, ఆ తర్వాత ఒకటి రెండు సీజన్లు సొంత ప్రాంతంలోని నేషనల్ లేదా నేషనల్ 2 క్లబ్‌లో ఆడతారు. చివరి క్లబ్‌లో ఆట కాంట్రాక్ట్‌తో పాటే యువ జట్టు కోచింగ్ పని కూడా మాట్లాడుకోవడం తరచుగా జరుగుతుంది. యూఎన్‌ఎఫ్‌పీ ఆటగాళ్లకు చదువు, వృత్తి శిక్షణ ఇచ్చే విభాగాన్ని కూడా నడుపుతోంది.

రెజిస్ ల బ్రిస్ ఈ దారిలో దూరం వెళ్లినవాడు. బ్రిటనీకి చెందిన ఈ డిఫెండర్ రెన్ తరఫున, తర్వాత రెండో డివిజన్‌లోని లవాల్ తరఫున ఆడాడు. ముప్పై రాకముందే ఆట ఆపేసి క్రీడా శాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. ఏళ్లపాటు యువ ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చి, 2022లో లోరియాఁ ప్రధాన కోచ్ అయ్యాడు. ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌ను 2025 మేలో ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. అతని ఆట రికార్డు మాత్రం ఈ వ్యాసం మొదట్లో చెప్పిన పట్టికల లాంటిదే, చూసిన కన్ను ఆగకుండా దాటిపోయే రకం.

## ముందున్న కొన్నేళ్లు

లీగ్ 1ను 2023–24 నుంచి, లీగ్ 2ను 2024–25 నుంచి 20 క్లబ్బుల నుంచి 18కి కుదించారు. మొత్తం ప్రొఫెషనల్ క్లబ్బులు నాలుగు తగ్గాయి. ఒక జట్టులో డిఫెండర్లు ఏడెనిమిది మంది ఉంటారనుకుంటే, దాదాపు 30 డిఫెండర్ ఉద్యోగాలు పై రెండు మెట్ల నుంచి మాయమయ్యాయి. ఆ ముప్పై మందిలో చాలామంది ఆట మానేయకుండా నేషనల్‌లోకి దిగి ఉంటారు. అక్కడ ఉన్నవారిలో కొందరు నేషనల్ 2కు జరిగి ఉంటారు. అలా ఒక్కో మెట్టు మీద పోటీ పెరుగుతుంది, జీతం బేరం ఆటగాడి చేయి జారుతుంది.

టీవీ ఆదాయం తగ్గిన క్లబ్బులు తమ యువ ఆటగాళ్లను ముందుగా ఆడించి అమ్మడం మీద ఎక్కువ ఆధారపడక తప్పదు. 19 ఏళ్ల సెంటర్‌బ్యాక్ పొరపాటు చేసినా రేపటి ఫీజు కోసం అతన్ని ఆడిస్తారు. 30 ఏళ్లవాడి అనుభవానికి ఫీజు లేదు. అయితే డివిజన్ నిలబెట్టుకోవాల్సిన జట్టుకు మార్చి, ఏప్రిల్ నెలల్లో కావలసింది ఆ అనుభవమే. ఈ రెండు అవసరాల మధ్య కుదిరే రాజీ ఎక్కువగా ఒకే రూపంలో ఉంటుంది. ఏడాది కాంట్రాక్ట్, డివిజన్ నిలిస్తే ఇంకో ఏడాది. పట్టికలో ఇంకో గీత చేరుతుంది.